ఫిల్టర్ కాగితం మీద మిగిలింది

పాలలో ఏది వెతకాలన్నా ముందు పాలను విరగ్గొట్టాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు నేర్పిన పాఠం ఇది. కాస్త యాసిడ్ పోస్తే పాలు విరుగుతాయి. విరిగిన ముద్ద ఫిల్టర్ కాగితం మీద ఆగిపోతుంది, కిందికి తేట దిగుతుంది. పాలలో యూరియా కలిపారా, ఇంకేదైనా కలిపారా అన్నది ఆ తేటలో చూసుకోవాలి. ముద్దతో మనకు పని లేదు, అది సింకులోకి పోతుంది. ముప్పై ఏళ్లకు పైగా నేను ఇదే చేశాను. కొత్తగా చేరిన వాళ్లందరికీ ఇదే నేర్పాను.

ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలు ఎక్కడైనా కనిపిస్తే, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అని అడుగుతుంటారు. ట్యాంకర్ నిండా సబ్బు పొడి కలిపిన పాలను పట్టుకున్న కథ చెప్తాను. అది బాగుంటుంది, అందులో నేనే గొప్పదాన్ని. ఇప్పుడు రాస్తున్నది ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్తే ఎక్కడో ఒకచోట నాకు అనుకూలంగా తిప్పుకుంటానని నా భయం. కాగితం మీద పెడితే కొంచెం సిగ్గుంటుంది కదా అని రాస్తున్నాను.

అప్పుడు నేను ఖమ్మం ఊరి చివర ఒక పాల డెయిరీలో ల్యాబు ఇన్‌చార్జిని. నాకు కోపం ఎక్కువని పేరు. ఉత్త పేరే కాదు, నిజమే. నేను రాసిన రిపోర్టు మీద రెండో మాట ఉండేది కాదు. మేనేజర్ గారు కూడా, "మేడం సంతకం పెట్టినంక ఇగ అడిగేదేమున్నది" అనేవారు. ఆ మాట వింటే నాకు లోపల్లోపల మహా సంతోషంగా ఉండేది.

ల్యాబులో గాజు సామాను కడిగేందుకు ఒక అటెండరు ఉండేది. సొంతూరు మణుగూరు. భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు, చనిపోయాడు. నాకంటే నాలుగైదు నెలలే పెద్దది, అయినా నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది. కడిగిన ప్రతి ఫ్లాస్కునూ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసి గాని స్టాండులో పెట్టేది కాదు. చదువు ఐదో తరగతి. పాల విరుగుడును ఇరవై ఏళ్లుగా చేత్తో కడిగిన మనిషి ఆ ల్యాబులో ఆమె ఒక్కతే. మేమందరం దూరం నుంచి చూసినవాళ్లమే.

ఒక ఏడు జూన్ నెలలో పినపాక అవతల అడవి అంచు ఊరి నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. మహిళా సంఘం వాళ్లు. రెండు బస్సులు మారి వచ్చారట, ముఖాలు వాడిపోయి ఉన్నాయి. వాళ్లలో ముందున్నావిడ సంఘం అధ్యక్షురాలు. వయసు ముప్పై ఐదు దాటి ఉండదు. ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. మూత తీస్తే ముదురు గోధుమ రంగు పొడి.

"తునికి పండ్ల పొడి మేడం," అంది. "బీడీల తునికాకు తెంపనీకి పోయినప్పుడు పండ్లు గూడ ఏరుకొస్తం. గింజ తీసి, గుజ్జు చాటల ఆరబోసి, దంచినం. ఏం కలపలే."

వేలి కొసన తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. ముందు తియ్యగా ఉంది. ఆ వెంటనే వగరు పట్టుకుని నోరంతా గుంజింది. నా ముఖం చూసి నలుగురూ నవ్వారు.

"ఉత్తగ తింటే గట్లనే గుంజుతది. పాలల్ల కలుపుండ్రి, వగరుండదు. మా పిల్లలు రెండో గ్లాసు అడుగుతరు."

మాకు పాలకు కొదవా. గ్లాసెడు పాలలో కలిపి తాగాను. నిజంగానే వగరు లేదు. సపోటా పాల రుచికి దగ్గరగా ఉంది. బాగుందని ఆమెతో అన్నాను కూడా.

వాళ్లు వచ్చిన పని ఇది. ఆశ్రమ పాఠశాలల్లో ఆడపిల్లలకు సాయంత్రం పూట పాలు ఇచ్చే పథకం ఒకటి అప్పుడే మొదలవుతోంది. పాలలో కలపడానికి ఈ పొడిని సంఘం దగ్గర కొనాలని ఒక అధికారికి మనసు పడింది. పండ్లలో, ఆకుల్లో, టీలో వగరుగా ఉండే పదార్థాలు కొన్ని ఉంటాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు మన కణాలకూ ఒక రకం తుప్పు పడుతుందనీ, ఈ పదార్థాలు దాన్ని అడ్డుకుంటాయనీ అంటారు. వాటికి యాంటీఆక్సిడెంట్లని పేరు. తునికి పండులో అవి బాగా ఉన్నాయని ఎవరో ఆ అధికారికి చెప్పారు. అయితే పాలలో కలిపిన తర్వాత కూడా అవి ఉంటాయని ల్యాబు రాసివ్వాలి. షరతు అదొక్కటే.

"మీరు రాస్తే మా పని అయిపోతది మేడం," అంది అధ్యక్షురాలు.

"అయిపోతే ఏమవుతుంది?" అన్నాను. నాకు అలా ఎదురు ప్రశ్న వేసే అలవాటుంది.

ఆమె తడుముకోలేదు. "ఈ ఏడు మిర్చికి పోను. ఏటేట చలి తగ్గేటాళ్లకు మీ దిక్కు మిర్చి ఏరనీకొస్తం. పిల్లను బడి మాన్పించి తోల్కరావాలె, రెండు చేతులు ఎక్కువుంటయని. తిరిగి పోయేసరికి పాఠాలు అయిపోయుంటయి. ఇప్పుడు ఎనిమిదికొచ్చింది. ఈసారి గిట్ల మాన్పిస్తే పేరు తీసేస్తమని సారు చెప్పిండు. పొడి ఆర్డరొస్తే ఊర్లనే పని ఉంటది, పిల్ల బడిలనే ఉంటది."

మాది బోనకల్ దగ్గర ఊరు. చిన్నప్పుడు మా మిరపచేలోకి అడవి నుంచి మనుషులు వచ్చేవాళ్లు. చేలోనే గుడారాలు వేసుకుని ఉండేవాళ్లు. వాళ్ల పిల్లలు మా వయసు వాళ్లే. వాళ్లు బడికి ఎందుకు వెళ్లడం లేదని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మిరపకాయలు కాసినట్టే వాళ్లూ ఏటా వస్తారనుకునేదాన్ని. ఆ మాట ఆమెకు చెప్పలేదు. "మంచిదమ్మా, పరీక్ష చేసి చెప్తాను" అని డబ్బా తీసుకున్నాను.

పరీక్ష శ్రద్ధగా చేశాను. దీన్ని నా గొప్ప కోసం చెప్పడం లేదు. అశ్రద్ధ చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పొడిని నీళ్లలో నానబెట్టి, నలకలు లేకుండా వడగట్టి, ఆ రసంలో రీయేజెంట్ అనే పరీక్ష ద్రవం పోస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఆ పదార్థాలు అంత ఎక్కువ. నీళ్లలో కలిపిన రసం సిరా రంగుకు తిరిగింది. ఇక పాలు. పాల ప్రోటీన్ కూడా అదే రీయేజెంటుకు కొంత నీలం తెస్తుంది. దాన్ని ఉంచి పరీక్ష చేస్తే లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని రసం కలిపిన పాలను అలవాటు ప్రకారం యాసిడ్‌తో విరగ్గొట్టి, వడగట్టి, తేటలో చూశాను. రంగు దాదాపు రాలేదు. మళ్లీ చేశాను. మూడోసారీ చేశాను. మూడుసార్లూ అంతే.

ఆ మధ్యాహ్నం అటెండరక్క సింకు దగ్గర నుంచి ఫిల్టర్ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.

"మేడం, ఈ ముద్ద తెల్లగ లేదు."

"ఏ ముద్ద?"

"తునికి పాల ముద్ద. రోజు వచ్చే విరుగుడు తెల్లగుంటది గదా. ఇది ఇటుక పొడి కలిపినట్టున్నది. నీళ్లు పోసి పిసికిన. రంగు దిగుతలేదు."

"పొడిలో నలకలుంటాయి అక్కా. కడిగెయ్."

"నలకలు గావు మేడం. ముద్దకే పట్టింది రంగు."

"నీ పని నువ్వు చెయ్. నా పని నన్ను చెయ్యనీ."

ఆమె వెళ్లి కడిగేసింది. రసాన్ని ముందే వడగట్టాను, అందులో నలకలు ఎక్కడివి అన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి ఉండాల్సింది. ఇంటర్ చదివే పిల్లకు కూడా వచ్చే ఆలోచన అది. నాకు అడ్డం వచ్చింది చదువు తక్కువ కావడం కాదు. ముద్దను చూడకూడదని అలవాటైపోయింది, అంతే.

రిపోర్టు ఇంగ్లీషులో రాశాను. పొడిలో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి, పాలలో కలిపితే నశిస్తున్నాయి, కాబట్టి పాలకు పనికిరాదు. చివర ఇంకో వాక్యం చేర్చాను. పాలలో కలిపితే వగరు పోతుందని సంఘం వాళ్లే ఒప్పుకుంటున్నారు, మా ఫలితానికి అది కూడా సాక్ష్యమే అని. ఆ వాక్యం రాసినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆమె నమ్మకంతో చెప్పిన మాటను తీసుకుపోయి ఆమె మీదనే పెట్టాను.

రిపోర్టు కోసం ఆమె ఒక్కతే వచ్చింది. నిలబెట్టే చెప్పాను.

"పాలల్ల పోతదా?" అంది.

"పోతుందమ్మా. మూడుసార్లు చూశాను."

"యాడికి పోతది?"

తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. "పని చెయ్యకుండా పోతుంది" అని ఏదో అన్నాను. అంతలో ఫోన్ మోగితే ఎత్తాను. నేను మాట్లాడినంతసేపూ ఆమె నిలబడే ఉంది. ఫోన్ పెట్టేశాక, "పనికిరాదనే రాసిండ్రా?" అని అడిగింది.

"అవును."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక ప్లాస్టిక్ కవరులో దోపుకుని వెళ్లిపోయింది. పాపం అనుకున్నాను. ఆ జాలి సాయంత్రం బస్సెక్కే వరకు కూడా నిలవలేదు. పథకంలోకి ఏదో కంపెనీ రంగు పొడి వచ్చిందని తర్వాత తెలిసింది. దాన్ని పరీక్షించమని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

రెండున్నరేళ్లు గడిచాయి. జనవరి ఆఖరులో అటెండరక్క రిటైరైంది. చివరి రోజు సాయంత్రం నాలుగు గంటలకు సన్మానం. మేనేజర్ గారి గదిలో శాలువా, దండ సిద్ధంగా పెట్టారు. మేమిద్దరం ల్యాబులో ఆఖరి టీ తాగుతున్నాం. డాక్టరు పాలు మానెయ్యమన్నాడని నేను నల్ల టీకి దిగాను. క్యాంటీన్ వాడు దాన్ని మరిగించి మరిగించి కషాయం చేసి పంపాడు. ఒక గుక్క తాగేసరికి నోరు గుంజింది.

"గట్ల ముఖం పెట్టి తాగుడెందుకు మేడం," అని అక్క తన గిన్నెలో పాలు రెండు చెంచాలు నా గ్లాసులో పోసింది. "ఒక్కనాడుకు ఏం గాదు, తాగుండ్రి."

తాగాను. వగరు లేదు.

"సూసిండ్రా. వగరు యాడికో పోయింది," అంది.

మామూలుగా అన్న మాట. ఆమె దృష్టి కిటికీ వైపు ఉంది. నేను మాత్రం గ్లాసు కింద పెట్టాను. యాడికి పోతది అని ఇదే గదిలో ఒకావిడ నిలబడి అడిగింది. అప్పుడు నేను ఫోన్ ఎత్తాను.

లేచి, మిగిలిన టీలో ఇంకాస్త పాలు కలిపి బీకరులో పోశాను. యాసిడ్ వేశాను. విరిగింది. ఫిల్టర్ కాగితం మీద పోశాను. కింద దిగిన తేట పల్చగా ఉంది. మీద మిగిలిన ముద్ద టీ రంగులో ఉంది. నీళ్లు పోసి కడిగాను. రంగు దిగలేదు. మళ్లీ కడిగాను. దిగలేదు.

అక్క వచ్చి పక్కన నిలబడింది. "ఆనాడు నేను చెప్పింది గిదే గదా మేడం, తునికి పాలప్పుడు," అంది. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధ పెట్టింది.

"అవును అక్కా. నువ్వు చెప్పావు. నేను వినలేదు," అన్నాను. స్టూలు మీద కూర్చున్నాను. సన్మానానికి రమ్మని మేనేజర్ గారు రెండుసార్లు కబురు పంపారు.

పిల్లలూ, విషయం ఇంతే. వగరు పదార్థాలకు ప్రోటీన్ కనిపిస్తే చాలు, పట్టుకుంటాయి. మన ఉమ్మిలో ప్రోటీన్ ఉంటుంది, దాన్ని పట్టుకుంటాయి కాబట్టే నాలుక గుంజుతుంది. పాలు పోస్తే పాల ప్రోటీన్ బోలెడు దొరుకుతుంది. దాన్ని పట్టుకుని నాలుకను వదిలేస్తాయి. వగరు పోయిందంటే పదార్థం పోయినట్టు కాదు, ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉందన్నమాట. కడుపులో ఆ ప్రోటీన్ అరిగినప్పుడు కొంతైనా బయటికి వస్తుంది. ఎంత వస్తుంది, ఒంటికి ఎంత పడుతుంది అన్నదాని మీద చదువుకున్న వాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అది వాళ్లకు వదిలేద్దాం. నేను రాసింది మాత్రం నశిస్తున్నాయని. నేనే సింకులో పారబోసినవాటిని నశిస్తున్నాయని రాశాను.

పరీక్ష చేసిన ప్రతి దాంట్లో కొంత ల్యాబులో దాచి ఉంచడం రివాజు. తునికి పొడి చిన్న సీసా బీరువా అడుగు అరలో ఇంకా ఉంది. గడువు దాటినా పారెయ్యలేదు. ఆ వారంలో దాన్ని మళ్లీ పాలలో కలిపాను. ఈసారి యాసిడ్‌తో విరగ్గొట్టలేదు. కడుపులో ఊరే ఎంజైమ్ లాంటిది వేసి, ఒంటి వెచ్చదనంలో ఉంచి, ప్రోటీన్‌ను అరగనిచ్చాను. పక్కనే ఉత్త పాలను కూడా అలాగే చేశాను, పాలు తెచ్చే రంగును అందులోంచి తీసెయ్యడానికి. రీయేజెంట్ పోశాను. నీలం వచ్చింది. మొత్తం రాలేదు గాని, పాత పొడిలో కూడా చాలానే వచ్చింది. సర్వీసంతా చూసిన నీలమే అది. ఆ రోజు దాన్ని చూడలేక ట్యూబు మీద గుడ్డ కప్పాను.

మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, "సార్, ఆ రిపోర్టు తప్పు," అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, "మేడం, ఆ పథకమే బందయింది. అడిగినోళ్లు లేరు, సచ్చినోళ్లు లేరు. నాలుగు నెలల్ల రిటైరయితున్నరు. ఎందుకు నెత్తికెత్తుకుంటరు?" అన్నారు.

"నా నెత్తి మీదనే ఉంది సార్, కొత్తగా ఎత్తుకునేదేం లేదు."

ఆయన రాసుకొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. సవరించిన రిపోర్టు రాసి, సంతకం పెట్టి, ఆ పథకం చూసిన ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. అప్పటి అధికారి బదిలీ అయిపోయాడు. కుర్చీలో ఉన్న గుమాస్తా కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఏ ఫైల్ల పెట్టమంటరు మేడం? ఆ ఫైలే లేదు," అని తిరిగి ఇచ్చేశాడు.

ఇక చెప్పాల్సిన మనిషి ఒక్కతే మిగిలింది. ఫిబ్రవరిలో ఒక రోజు అటెండరక్కను తోడు తీసుకుని బయల్దేరాను. మణుగూరు మీదుగా పినపాకకు బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. ఊరు సగం ఖాళీ. తలుపులకు తాళాలు కూడా లేవు, తాడు ముడేసి ఉన్నాయి. సంఘం వాళ్లు పొడి చేసిన రేకుల షెడ్డులో ఎవరో కట్టెలు పేర్చుకున్నారు. పండ్లు ఆరబోసిన చాటలు గోడకు ఆనించి ఉన్నాయి, మీద బూజు.

గడప మీద కూర్చున్న ముసలాయనను అక్క అడిగింది. ఆయన తెలుగు సగం, కోయ సగం కలిపి చెప్పాడు. "లేరు. మిర్చికి పోయిండ్రు. బోనకల్ దిక్కు."

"మీ ఊరి పక్కనే ఉన్నదట మేడం," అంది అక్క. అన్నాక నా ముఖం చూసి, ఆటో వైపు ముందుకు నడిచింది.

రెండు రోజుల తర్వాత బోనకల్ దగ్గర చేలల్లో వెతికాం. మూడో చేను గట్టు మీద టార్పాలిన్ గుడారాలు కనిపించాయి. ఎండ బాగా ఉంది. ఆడవాళ్లు తలలకు, ముక్కులకు గుడ్డలు చుట్టుకుని ఎర్రటి చేలో వంగి ఏరుతున్నారు. ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. వాళ్లలో ఒకామె నడుము ఎత్తి చూసి, ముక్కు మీద గుడ్డ దించింది.

"ల్యాబు మేడమే గదా," అంది. నేను పోల్చుకునేలోపే అధ్యక్షురాలు నన్ను గుర్తుపట్టింది. చిక్కిపోయింది. పక్క సాలులో ఒక అమ్మాయి తల ఎత్తకుండా రెండు చేతులతో కాయలు తెంపుతోంది. పదహారేళ్లుంటాయి. చేతులకు పాత సాక్సులు తొడుక్కుంది, మంట తగలకుండా. ఎవరని అడగాల్సిన పని లేకపోయింది.

చెప్పాల్సిన మాటలు దారి పొడవునా కూడబలుక్కున్నాను. తీరా అక్కడ నిలబడ్డాక, "తప్పు రాశానమ్మా," అన్నాను. "మీ పొడి మంచిదే. పాలలో కలిపితే పోలేదు. నేను చూడాల్సిన చోట చూడలేదు."

ఆమె పిడికిట్లో కాయలు అలాగే ఉన్నాయి. "పోలేదా?"

"పోలేదు."

"మరి యాడున్నది?"

"నేను పారబోసిన ముద్దలో ఉంది."

ఆమె వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లకు కోయలో ఏదో చెప్పింది. అందరూ నడుములెత్తి నా వైపు చూశారు. తిడతారేమోనని చూశాను, ఎవరూ తిట్టలేదు. మళ్లీ వంగి ఏరుకోవడం మొదలుపెట్టారు.

"ఆ కాయితం వచ్చినంక పండ్లు తెచ్చుడే బంద్ పెట్టినం మేడం," అంది ఆమె. మెల్లగా, నాకు అర్థం కావాలని ఒక్కో మాటా చెప్పింది. "పిల్లలను గూడ తిననియ్యలే. ల్యాబుల పనికిరాదని రాసిండ్రంటే మన్సులకేం మంచిది అనుకున్నం. మా అత్త తింటుంటే చేతిలకెల్లి గుంజుకున్న. ముసల్ది ఏడ్చింది. ఎండకాలం గీ పండ్ల మీదనే బతికినం బిడ్డా, గిదేం చేస్తది నన్ను అన్నది. నేను ఇనలే. చదువుకున్నోళ్లు రాసిండ్రు, నీకేం ఎరుక అన్న."

"ఇప్పుడు ఎట్లా ఉంది మీ అత్త?"

"లేదు. పోయినేడు పోయింది."

నాకు ఆర్డరు పోయిందని తెలుసు, పిల్ల బడి పోయి ఉంటుందని భయం ఉంది. వీటికి సిద్ధపడే వచ్చాను. ఇది మాత్రం నా ఊహలో లేదు. పాలకు పనికిరాదని నేను రాస్తే, వాళ్ల ఊళ్లో ఒక ముసలమ్మ నోటి దగ్గరి పండు పోయింది. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. అటెండరక్క నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. అధ్యక్షురాలు పిడికిట్లోని కాయలు గంపలో వేసి, మంచినీళ్ల బిందెలో గ్లాసు ముంచి తెచ్చి నాకిచ్చింది.

కొత్త రిపోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కూతురికి అందించింది. పిల్ల సాక్సులు తీసి, చేతులు లంగాకు తుడుచుకుని పట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా పెదాలతో కూడబలుక్కుంది. రెండు లైన్లు దాటలేకపోయింది. అడుగున నా సంతకం దగ్గర వేలు పెట్టింది.

"ఇది ఇంటికాడి కాయితం మీద ఉన్నదే అమ్మా," అంది.

"అది ఇంకా ఉందా?" అన్నాను.

"ఉన్నది. పెట్టెల దాచిన," అంది అధ్యక్షురాలు. సంతకం వైపు కాసేపు చూసింది. తర్వాత నన్ను అడిగింది. "రెండిటి మీద సంతకం మీదే గదా మేడం. దేన్ని నమ్మాలె?"

ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను గ్లాసు కింద పెట్టి లేచాను. అంతలో గట్టు మీది నుంచి మేస్త్రి, "జల్దీ కానియ్యుండ్రి, పొద్దుపోతున్నది" అని కేకేశాడు. పిల్ల కాగితాన్ని మడిచి, ఎగిరిపోకుండా బిందె కింద పెట్టి, సాక్సులు తొడుక్కుని సాలులోకి వెళ్లింది. వెనకే తల్లి కూడా వెళ్లింది.

మేలో రిటైరయ్యాను. నాకూ శాలువా కప్పారు. ఈమె సంతకం పెడితే రెండో మాట ఉండదు అని మేనేజర్ గారు మైకులో చెప్పారు. వెనక వరుసలో కూర్చున్న అటెండరక్క తల దించుకుంది.

ల్యాబులో ఉన్న పిల్లలకు నీతులు చెప్పేంత ముఖం నాకు లేదు. ఒక్క పని మాత్రం చేసిపెట్టండి. ఎండాకాలంలో మీలో ఎవరైనా పినపాక అవతలి ఊళ్ల వైపు వెళ్తే, తునికి పండ్లు రాలే రోజులైతే, అక్కడి పిల్లలు వాటిని తింటున్నారో లేదో చూడండి. ఎవరినీ ఏమీ అడగొద్దు, ఊరికే చూసి వచ్చి నాకు చెప్పండి. వెళ్లి చూడాలంటే నాకు భయంగా ఉంది.